మబ్బు కడుపులో తొలి మెరుపు

ఒకప్పుడు మబ్బుకు నోరు లేదు. వాన వచ్చేది గానీ, వస్తున్నానని చెప్పి వచ్చేది కాదు. కొండల మీద నల్లగా ఏదో కమ్ముకునేది. కాసేపటికి నీళ్ళు ముంచెత్తేవి. అంతే. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. ఆ మాటలే అప్పటికి ఎవరి నోటా పుట్టలేదు.

ఆ రోజుల్లో ఒక ఎండాకాలం చివర, ఎర్రటి కొండల మీద పెద్ద మబ్బు ఒకటి లేచింది.

కింద నుంచి చూస్తే మబ్బు దూదికుప్పలా మెత్తగా కనబడుతుంది. పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో అనిపిస్తుంది. లోపలికి వెళ్తే గదా తెలిసేది! అక్కడ కూర్చున్నవాళ్ళు ఒక్కరూ ఉండరు. పైకి పోయేవాళ్ళు పైకి పోతూనే ఉంటారు. కిందికి దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు. పొద్దున మొదలైతే మాపటికి కూడా తెమలదు ఆ పని.

ఆ మబ్బులో రాలమ్మ అని ఒక వడగల్లు ఉండేది. రేగుపండంత ఉండేది. దానికి తేలమ్మ అని ఒక చెల్లెలు. ఇద్దరూ ఒకే సముద్రపు చుక్కలో నుంచి పుట్టారు. ఎండ ఆ చుక్కను పైకి లేపింది. పైన చలికి చుక్క గడ్డకట్టి, టప్పున పగిలి రెండు ముక్కలైంది. ఒక ముక్క పల్చగా, ఆరు చేతులతో, పువ్వులా తేలింది. అదే తేలమ్మ. రెండో ముక్క గుండ్రంగా ముద్దగా మిగిలింది. అదే రాలమ్మ.

ఇద్దరూ చేతులు పట్టుకునే మబ్బులోకి వచ్చారు. కానీ మబ్బులో ఎగగాలి అని ఒకడుంటాడు. కింది నుంచి పైకి తోసే గాలి అన్నమాట. అందరూ అతన్ని మామా అని పిలుస్తారు. అతనికి తొయ్యడం తప్ప ఇంకో పని తెలియదు.

"పదండి, పదండి! ఆగొద్దు! వెనక ఇంకా జనం ఉన్నారు!"

ఎగగాలి ఒక్క తోపు తోశాడు. పల్చటి తేలమ్మ రివ్వున పైకి లేచింది. బరువు రాలమ్మ వెనకబడింది.

"అక్కా! వదలొద్దు అక్కా!"

"నేను వదలడం లేదే! గాలి లాగేస్తోంది!"

పట్టుకున్న చేతులు ఒరుసుకుని జారిపోయాయి. అప్పుడు రాలమ్మ ఒంటి మీద ఏదో చిటుక్కుమంది. అదేమిటో దానికి తెలియలేదు. పైకి చూసేసరికి చెల్లెలు లేదు.

ఆ చిటుక్కుమన్నది ఏమిటో చెబుతాను. ప్రతి మంచు తునకలోనూ ఒక చురుకు ఉంటుంది. కంటికి కనబడదు. చలికాలం పొద్దున్నే గొంగడి విదిలిస్తే చిటచిటమంటుంది చూడండి, చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి చూడండి, అదే చురుకు. పైకి పోయే తేలిక తునక, కిందికి దిగే వడగల్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే, తునకలోని చురుకు కాస్త ఊడి వడగల్లుకు అంటుకుంటుంది. తేలమ్మ చురుకు అలాగే అక్కకు అంటుకుపోయింది.

ఆ ఒక్కటే అయితే ఫరవాలేదు. మబ్బు నడుమ దారి ఇరుకు. రాలమ్మ కిందికి దిగుతుంటే వేల తునకలు ఎదురొచ్చేవి. "తప్పుకోండి, తప్పుకోండి" అంటూనే తగిలేవి. తగిలిన ప్రతిసారీ ఒక చిటుకు. కిందికి చేరేసరికి ఒళ్ళంతా చురచుర, చీమలు పాకినట్టు.

పోనీ కిందికి వచ్చాం గదా, ఇక నేల మీద పడి పడుకుందాం అనుకునేది రాలమ్మ. అంతలో ఎగగాలి కింది నుంచి ఎత్తి మళ్ళీ పైకి విసిరేవాడు. పైన చన్నీటి తుంపర మీద పడి ఒక పొర గడ్డకట్టేది. బరువెక్కి మళ్ళీ కిందికి. మళ్ళీ ఒరుసుకోవడం. మళ్ళీ పైకి. ఉల్లిగడ్డకు పొర మీద పొర వచ్చినట్టు దాని ఒంటి మీద పొరలు పెరిగాయి. ఎన్నిసార్లు ఎక్కిందో, ఎన్నిసార్లు దిగిందో దానికే గుర్తు లేదు.

పోనీ పక్కవాళ్ళ మీద ఒరిగి కాసేపు కన్నుమూద్దామంటే అదీ కుదరదు. మబ్బు అడుగున వడగళ్ళన్నీ గుమిగూడి ఉన్నాయి. అన్నిటి ఒంటి నిండా చురుకే. చురుకుకు చురుకు పడదు. దగ్గరికి వెళ్తే చాలు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

"కాస్త జరగవే."

"నేనెక్కడికి జరగను? నువ్వే జరుగు."

అంత గుంపులోనూ ఎవరికి వారే ఒంటరి.

పైన తేలమ్మ సంగతీ అంతే. మబ్బు నెత్తి మీద, ఎముకలు కొరికే చలిలో, వేల తునకల మధ్య తేలుతూ ఉండేది. చురుకంతా ఊడిపోయి ఒళ్ళు బోలుగా ఉండేది. ఆకలా అంటే ఆకలి కాదు. నిద్రా అంటే నిద్ర కాదు. కింద ఉన్నదేదో కావాలని లోపల ఒకటే గుంజుడు.

ఆ గుంజుడు రాలమ్మకు తెలిసేది. ఎవరో పైనుంచి కొంగు పట్టుకుని లాగుతున్నట్టుండేది. "మా చెల్లెలే" అనుకునేది. అనుకుని మళ్ళీ దిగేది.

అలా ఒకసారి దిగినప్పుడు మబ్బు అడుగున చిన్న సందు కనబడింది. రాలమ్మ అందులోంచి కిందికి చూసింది.

కింద ఒక వంక, అంటే వాగు, ఉంది. నీళ్ళు లేవు, అంతా ఇసక. ఇసకలో ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వుతోంది. చుట్టూ నలభై గొర్రెలు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. ఆమె పేరు సుంకమ్మ. గడ్డి కోసం, నీళ్ళ కోసం మూడు రోజులుగా గొర్రెల్ని తోలుకుని నడుస్తోంది. వంకలో చెలమ తవ్వితే నాలుగు గుక్కల నీళ్ళయినా ఊరకపోతాయా అని ఆమె ఆశ.

మోచేతి లోతు తవ్వింది. ఇసక పొడిగానే ఉంది. సుంకమ్మ మడమల మీద కూలబడి, మొహం కొంగుతో తుడుచుకుని, పక్కనున్న గొర్రెతో అంది.

"ఇంకొంచెం ఓర్చుకోయే బొల్లీ. తడి తగులుతాది. తగలక యాడికి పోతాది."

బొల్లి అంటే నెత్తి మీద తెల్లమచ్చ ఉన్న ఆడగొర్రె. దాని కాళ్ళ దగ్గర పది రోజుల పిల్ల ఒకటి. బొల్లి ఆమె భుజాన్ని మూతితో పొడిచింది. సుంకమ్మ మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది.

రాలమ్మ ఆ చేతుల్నే చూసింది. ఇసక తియ్యడం, పక్కలు జారి గుంట పూడిపోవడం, మళ్ళీ తియ్యడం. "ఈమెది నా బతుకే" అనుకుంది. అంతలో ఎగగాలి వచ్చి విసిరేశాడు.

రెండోసారి దిగినప్పుడు సుంకమ్మ భుజాల లోతు గుంటలో ఉంది. తల మాత్రమే కనబడుతోంది. తడి తగిలినట్టుంది, గొర్రెలు ముందుకు తోసుకుంటున్నాయి.

రాలమ్మ చూపు వంక వెంబడి పైకి పోయింది. అక్కడ కొండల మీద, మబ్బు అవతలి అంచు అప్పటికే కురుస్తోంది. చప్పుడు లేకుండా కురుస్తోంది. పాయలన్నీ వంకలోకి దూకుతున్నాయి. రెండు మలుపుల అవతల ఎర్రటి నీళ్ళు గోడలా లేచి, ముళ్ళకంపలను, బండరాళ్ళను దొర్లించుకుంటూ వస్తున్నాయి.

సుంకమ్మ నెత్తిన మాత్రం ఒక్క చినుకైనా పడలేదు. గుంటలో ఉన్న మనిషికి ఏం కనబడుతుంది? ఏం వినబడుతుంది?

"అమ్మా! లెయ్యి! పైకి రా!" అని రాలమ్మ అరిచింది.

వడగల్లు గొంతు ఎంత దూరం పోతుంది? పక్కనున్న వడగల్లుకే వినబడలేదు.

రాలమ్మ ఎగగాలి కాళ్ళావేళ్ళా పడింది. "మామా! ఒక్కసారి, ఒక్కసారి నన్ను కిందికి వదులు. ఆమె వీపు మీద పడతాను. ఉలిక్కిపడి లేస్తుంది. ఆ తర్వాత నన్నేమైనా చెయ్యి."

ఎగగాలి రొప్పుతూ చెప్పాడు. "నాకు వదలడం రాదమ్మా. ఎండ నన్ను తోస్తుంది, నేను మిమ్మల్ని తోస్తాను. నా బతుకంతా తొయ్యడమే. నువ్వు నా చెయ్యి దాటి పోయేంత బరువెక్కావనుకో, నేను ఆపినా ఆగవు."

"ఎప్పటికి ఎక్కుతాను?"

"ఇంకో నాలుగు తిరుగుళ్ళు."

"నీళ్ళు అంతదాకా ఆగవు మామా!"

ఎగగాలి మొహం పక్కకు తిప్పుకుని తోశాడు.

పైకి పోతున్న రాలమ్మకు మళ్ళీ ఆ గుంజుడు తగిలింది. చెల్లెలి గుంజుడు. ఒంట్లోని చురుకంతా ఆ వైపుకు ఉరకాలని చూస్తోంది. అప్పుడు తోచింది దానికి. ఒక్క చిటుకుకే ఇంత చప్పుడుంటే, కిందున్న చురుకంతా ఒక్కసారి పైవాళ్ళను చేరితే ఎంత చప్పుడవుతుంది! ఆ చప్పుడు వంక దాకా వినబడదూ?

కానీ మధ్యలో అడ్డుగాలి ఉన్నాడు. పైవాళ్ళకూ కిందివాళ్ళకూ నడుమ మందంగా పరుచుకున్న గాలి. ఎవరి చురుకునూ తన గుండా పోనివ్వడు.

"అయ్యా, దారి ఇవ్వు" అని రాలమ్మ బతిమాలింది. "నా చురుకు మా చెల్లెలికి పంపుకుంటాను."

"కుదరదు" అన్నాడు అడ్డుగాలి. అతనూ అలిసే ఉన్నాడు. "పొద్దుటి నుంచీ ఒకటే గోల. మీరు కింద నుంచి తోస్తారు, వాళ్ళు పై నుంచి లాగుతారు. మధ్యలో నలిగేది నేను. ఒక్కరికి దారిచ్చానంటే అందరూ మీద పడతారు. నన్ను వదిలెయ్యండి, నిలబడనివ్వండి."

"కింద ఒక మనిషి పోతుందయ్యా!"

"నాకు కింద ఏముందో తెలియదు. నేనెప్పుడూ చూడలేదు."

రాలమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. అందరూ అలిసిపోయినవాళ్ళే. ఎవరి మీద కోపగించుకుంటుంది?

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక నలుసు వచ్చింది.

అది మబ్బులోది కాదు. ఈ భూమిదీ కాదు. ఎక్కడో ఆకాశం చివర ఒక చుక్క, అంటే నక్షత్రం, పగిలినప్పుడు అందులోంచి రాలిన నలుసు. మన లెక్కకందనన్ని ఏళ్ళుగా ప్రయాణం చేస్తోంది. దాని అలసట ముందు రాలమ్మ అలసట ఒక లెక్కా!

ఆ నలుసు మబ్బు నెత్తిని చీల్చుకుని, అడ్డుగాలిని సూదిలా గుచ్చుకుని, కిందికి దూసుకొచ్చింది.

"ఎవరు నువ్వు? ఆగు!" అంది రాలమ్మ.

"ఆగడమా?" అంది నలుసు. గొంతు సన్నగా, అరిగిపోయినట్టుంది. "మా చుక్క పగిలిన రోజు నుంచి నేను ఆగలేదమ్మా. ఎలా ఆగాలో మరిచిపోయాను."

"అడ్డుగాలి ఎవర్నీ పోనివ్వడే. నువ్వెలా వచ్చావు?"

"నేనంత చిన్నదాన్ని. నన్నెవరు ఆపుతారు? నేను వచ్చిన చోట దారపు పోగంత సందు పడుతుంది. రెప్పపాటు ఉంటుంది, మూసుకుపోతుంది. నీకు పనికొస్తే వాడుకో."

ఆ మాట అంటుండగానే నలుసు వెళ్ళిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో సరిగా చెప్పనూ లేదు, ఎక్కడికి పోతోందో దానికే తెలియదు. ఇదంతా చెప్పడానికి ఇంతసేపు పట్టింది గానీ, జరగడం కన్నుమూసి తెరిచేలోగా జరిగింది.

రాలమ్మ ఆ సందును చూసింది. వెంట్రుక కన్నా సన్నం. దాని అంచులు అప్పుడే దగ్గరపడుతున్నాయి.

"అక్కల్లారా! చెల్లెళ్ళారా!" అని కింది గుంపుకేసి అరిచింది. "ఒళ్ళు చురచురమని ఎన్నాళ్ళు మోస్తారు? నాతో పాటు వదలండి! ఇటు, ఇటు!"

ముందు తనే వదిలింది. ఒంటికి అంటుకున్న చురుకంతా, తేలమ్మ చేతుల నుంచి ఊడిన ఆ మొదటి చిటుకుతో సహా, సందులోకి తోసింది. పక్క వడగల్లు కూడా వదిలింది. దాని పక్కది. దాని పక్కది.

చురుకు సందులో దూరి ఒక అంగ వేసింది. ఆగింది. ముందు అడ్డుగాలి మందంగా ఉన్నాడు. ఎటు పల్చగా ఉన్నాడో తడుముకుంది. అటు తిరిగి ఇంకో అంగ. మళ్ళీ ఆగింది. మళ్ళీ తడుముకుంది. ఇంకో పక్కకు ఇంకో అంగ. కింద వేల వడగళ్ళు వెనక నుంచి తోస్తున్నాయి. పైన వేల తునకలు గుంజుతున్నాయి. అయినా అది అడుగు వేసి ఆగుతూ, అడుగు వేసి ఆగుతూనే పోయింది. ఎన్నో తిరుగుళ్ళు తిరిగినవాళ్ళ చురుకు అది. అలిసిపోయినవాళ్ళు తిన్నగా ఎక్కడ నడవగలరు?

చిట్టచివరి అంగ తేలమ్మ దగ్గర పడింది.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నానే."

అంతే మాట్లాడుకున్నారు. అంతకే సందు నిండా వెలుగు నిండిపోయింది.

అలాంటి వెలుగు అంతకు ముందు ఎవరూ చూడలేదు. మబ్బు కడుపంతా తెల్లగా వెలిగింది. దీపం ముందు అరచెయ్యి పెట్టుకుంటే వేళ్ళ సందుల్లో ఎర్రగా కనబడుతుందే, అలా మబ్బు లోపలి మడతలన్నీ కనబడ్డాయి.

ఆ వెలుగు నిప్పుకన్నా వేడి. అడ్డుగాలి ఒళ్ళు చుర్రుమంది. పాపం, అతను ఒక్కసారిగా ఉబ్బి, పగిలి, "అబ్బో! చచ్చాన్రో!" అని పెట్టిన కేక కొండ నుంచి కొండకు దొర్లింది.

అదే తొలి ఉరుము.

గుంటలో ఉన్న సుంకమ్మ అదిరిపడింది. గొర్రెలన్నీ తలలెత్తాయి. అలాంటి చప్పుడు ఆమె పుట్టి బుద్ధెరిగి విననే లేదు. గుంటలో నుంచి పైకి పాకి చుట్టూ చూసింది. దూరంగా కొండల మీద మబ్బు లోపల్లోపలే మళ్ళీ వెలిగింది. ఆ వెలుగులో కొండల మీద వేలాడుతున్న వాన తెరలు కనబడ్డాయి.

"అయ్యో దేవుడా! పైన కురుస్తాంది! వంక వస్తాది!"

తవ్విన గుంట, తెచ్చుకున్న ముంత, చేతికర్ర, అన్నీ అక్కడే వదిలేసింది. "హోయ్! హోయ్! ఎక్కండి! గట్టెక్కండే!" అని గొర్రెల్ని అదిలించింది. దాహంతో ఉన్న గొర్రెలు తడి ఇసకను వదిలి కదలవు. ఒక్కోదాన్ని తోసింది, లాగింది, పిర్రల మీద చరిచింది. బొల్లి పిల్లను చంకనేసుకుంది. పిల్ల కోసం బొల్లి కదిలింది. బొల్లి కదిలితే మంద కదిలింది.

చివరి గొర్రె గట్టెక్కుతుండగా ఎర్రనీళ్ళు మలుపు తిరిగాయి. సుంకమ్మ తవ్విన గుంట, ముంత, కర్ర, కన్నుమూసి తెరిచేలోగా లేవు. ఆమె గట్టు మీద నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టుకుంది.

పైనుంచి చూస్తున్న రాలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

గట్టు మీద ఒంటరి తుమ్మచెట్టు ఒకటి ఉంది. వాన చినుకులు అక్కడ కూడా మొదలయ్యాయి. గొర్రెలు చెదిరాయి. బొల్లి వెళ్ళి చెట్టు మొదట్లో నిలబడింది. సుంకమ్మ కూడా అటే నడిచింది. పిల్ల చంకలోనే ఉంది.

మబ్బులో వడగళ్ళకు వదలడం రుచి తెలిసింది. ఒళ్ళు తేలికైనవాళ్ళను చూసి మిగతావాళ్ళు, "మాదీ, మాదీ" అని ఎగబడుతున్నారు. పైకి పోయే దారి కిక్కిరిసిపోయింది. కొందరు కిందికి తిరిగారు. నేల కూడా గుంజుతోంది మరి.

"అటొద్దు! అటు మనుషులున్నారు!" అని రాలమ్మ అడ్డం పడింది.

"నీది నువ్వు వదిలేసుకున్నావు గదా. మేం ఎన్నాళ్ళు మొయ్యాలి?" అన్నారు వాళ్ళు.

చురుకు కిందికి అంగ వేసింది. ఆగింది. తడుముకుంది. ఇంకో అంగ. అన్నిటికన్నా ఎత్తుగా, అన్నిటికన్నా దగ్గరగా అందింది తుమ్మచెట్టు కొన.

పెళపెళమంది. సుంకమ్మ పది అడుగుల దూరంలో వెల్లకిలా పడిపోయింది. లేచి చూసేసరికి చెట్టు నిలువునా చీలి ఉంది. దాని మొదట్లో బొల్లి పడుకుని ఉంది. ఒంటి మీద గాయం లేదు. సుంకమ్మ పేరు పెట్టి పిలిచింది. చెవి కూడా కదపలేదు.

మబ్బులో ఎగగాలి చతికిలబడ్డాడు. "ఇక నావల్ల కాదు" అన్నాడు. పుట్టాక మొదటిసారి అతని చేతులు కిందికి వాలాయి. పట్టేవాళ్ళు లేక వడగళ్ళన్నీ జారిపోయాయి. రాలమ్మ కూడా జారింది.

ఎన్నాళ్ళుగానో కోరుకున్న దిగుడు అది. కానీ దారి పొడుగునా దానికి సంతోషం కలగలేదు. పొర తర్వాత పొర కరిగిపోతూ, మినపగింజంత మిగిలి, సుంకమ్మ చేతిలో పడింది.

సుంకమ్మ వానలో తడుస్తూ బొల్లి పక్కనే కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల అరుస్తోంది. అరచేతిలో చల్లగా తగిలితే చూసింది.

"ఎవురు నువ్వు?"

"నిన్ను పైనుంచి పిలిచినదాన్ని" అంది రాలమ్మ. "గుంటలో నుంచి లేపడానికి."

సుంకమ్మ తల ఊపింది. చీలిన చెట్టు వైపు చూపించింది. "మరి అది?"

రాలమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "అదీ మేమే. దారి తెరవడం తెలిసింది గానీ, మూయడం మాకు తెలియలేదమ్మా."

సుంకమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి గదా. మూడు రోజుల నడక, భుజాల లోతు గుంట, వరద, ఇప్పుడిది. బొల్లి నెత్తి మీది తెల్లమచ్చను వేలితో నిమిరింది.

"నువ్వు అరవకపోతే నేనూ ల్యాను, ఈ మందా ల్యాదు" అంది చివరికి. "అరిచినందుకు నా బొల్లి పోయె. నిన్ను మొక్కాల్నో, మన్ను పోయాల్నో నాకే తెలవడంల్యా."

"రెండూ చెయ్యి" అంది రాలమ్మ మెల్లగా.

సుంకమ్మ దాన్ని చూసింది. ఎంత చిన్నది! అప్పుడే సగం నీళ్ళైంది.

"నువ్వు మళ్ళా పైకి పోతావా?"

"పోకుండా ఎక్కడుంటాను. వంకలో పడి, ఏట్లో కలిసి, సముద్రానికి పోతాను. ఎండ మళ్ళీ లేపుతుంది. మామ మళ్ళీ తోస్తాడు."

"అయితే మీవాళ్ళకు ఒక మాట చెప్పు. మొదలు పెట్టేది లోపల్నే పెట్టండి. ముందు మీలో మీరు మెరవండి. మేం కండ్లతో చూస్తాం, చెవులతో వింటాం. వంకలో నుంచి ల్యాచిపోతాం. చెట్టు కింద నిలబడం, మా పిల్లోల్లకూ చెప్పుకుంటాం. ఆపైన మీరు దిగాల్సొస్తే దిగండి. మీకు మొయ్యడం కష్టమే, నాకు తెలుసు. చెప్పకుండా మాత్రం రావద్దండి."

"చెబుతాను. అందరూ వింటారో లేదో తెలియదు. చెప్పడం మాత్రం చెబుతాను."

సుంకమ్మ అరచేతిని బొల్లి పిల్ల నోటి దగ్గర పెట్టింది. దాహంతో ఉన్న పిల్ల నాలుకతో నాకింది. మిగిలిన చుక్క వేళ్ళ సందులో నుంచి జారి వంకలో పడింది. సుంకమ్మ పిల్లను కొంగులో చుట్టుకుని, మిగతా మందను పోగుచేసుకుని నడిచింది.

రాలమ్మ ఆ చుక్కలోనే ఉంది. ఎర్రనీళ్ళతో సముద్రానికి పోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ గడ్డకట్టింది. చెప్పాల్సిన మాట, దొరికిన ప్రతి వడగల్లుకూ చెప్పింది.

అప్పటినుంచే మెరుపు మబ్బు కడుపులో పుడుతోంది. పైకి పోయే తునకలూ కిందికి దిగే వడగళ్ళూ ఒరుసుకునే చోట పుడుతోంది. ముందు లోపల్లోపలే మెరిసి, నేలకు కబురు చెబుతోంది. చాలా మెరుపులు నేల మొహం చూడకుండా అక్కడే పైవాళ్ళనూ కిందివాళ్ళనూ పలకరించి ఆరిపోతాయి. మాట వినని కొన్ని మాత్రం దిగివస్తాయి. అందుకే ఉరిమితే పెద్దవాళ్ళు ఒంటరి చెట్టు కిందికి పోవద్దంటారు, వంకలో ఉండొద్దంటారు. ఇక ఆ నడకంటారా, అదీ అప్పటినుంచే. అంత వెలుగున్న మెరుపు కూడా ఈనాటికీ తిన్నగా నడవదు. రోజంతా బరువు మోసినవాళ్ళు ఇంటిదారి పట్టినట్టు, అడుగుకొకసారి ఆగుతూ, వంకరటింకరగానే నడుస్తుంది.